మబ్బు పట్టిన రోజులే నావి

ఎనిమిదో తరగతి మీద నాకెంత మమకారమంటే, మూడేళ్ళు అందులోనే కూర్చున్నాను. నాలుగో ఏడు పంతులే చేతులు జోడించి, "నాయనా, బెంచీ అరిగిపోతున్నది, ఇంక లే" అన్నాడు. లేచి, చిక్కడపల్లిలో కిరాయి సైకిళ్ళ దుకాణంలో కూర్చున్నాను. అక్కడా కూర్చోవడమే పని, మధ్య మధ్య గాలి కొట్టడం.

నా మాటలకు అందరూ నవ్వేవారు. నవ్వుతూనే సైకిలెక్కి వెళ్ళిపోయేవారు. గంట లెక్కన కిరాయి కదా, నా జోకు పూర్తయ్యేదాకా నిలబడే ఓపిక ఎవరికుంటుంది? సగం నా నోట్లోనే మిగిలిపోయేది. ఆగి మొత్తం విన్నవాడు ఒక్కడే. అశోక్‌నగర్‌లో అక్కా బావల ఇంట్లో ఉండే కోస్తా కుర్రాడు, నా ఈడువాడు. పైలట్ అవుదామని బేగంపేటలో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. ఇంకా కాకముందే నేను "పైలట్ సాబ్" అని పేరు పెట్టేశాను.

బాగా పొడుగరి. పొద్దున్నే అతను వచ్చేలోపు ఒక సైకిలుకు పానాతో నట్టు వదులు చేసి, సీటు పైకి లేపి ఉంచేవాణ్ణి. లోయర్ ట్యాంక్‌బండ్ మీదుగా తొక్కుకుంటూ వెళ్ళేవాడు. చాలా రోజులు పది గంటలకల్లా వెనక్కి వచ్చేసేవాడు, మొహం వేలాడేసుకుని.

"ఏమైంది సాబ్? దిగి వస్తున్నవా, అసలు ఎక్కనే లేదా?"

"మబ్బు."

మర్నాడు మబ్బు ఉండేది కాదు, విమానం రిపేరులో ఉండేది. ఆ మర్నాడు విమానం బాగుండేది, నేర్పే ఆయన సెలవు. అన్నీ కుదిరిననాడు ఇతని ముందు పదిమంది వరసలో ఉండేవారు. లైసెన్సుకు వందల గంటలు ఎగరాలట. ఇతనికి నెలకు ఒకటి రెండు గంటలు దక్కితే పండగ.

ఎగరని రోజు ఇంటికి పోవడానికి సిగ్గు. అక్క ఏమీ అనదు గానీ, బావ "ఇవాళెన్ని నిమిషాలు?" అని అడుగుతాడు. అందుకని నా బెంచీ మీదే కూర్చునేవాడు. గాలి పంపు పిడి రెండు చేతులా పట్టుకుని, విమానం ఎలా లేపాలో, ఎలా దించాలో చూపించేవాడు. మధ్యాహ్నం నారాయణగూడ ఇరానీ హోటల్లో ఒక చాయ్ రెండు కప్పుల్లో తాగేవాళ్ళం. ఆ ఏడు ప్రత్యేక రాష్ట్రం గొడవలతో కాలేజీలు మూతపడి ఉన్నాయి. ఎవరు కనిపించినా ముందు "నీదే ఊరు?" అని అడిగే రోజులు. మేమిద్దరం మాత్రం ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే నా జోకులకు టైము చాలదు.

ఇప్పుడు చెప్పడానికేం, పొద్దున లేచి మబ్బు పట్టిందేమోనని కవాడిగూడ వైపు చూసేవాణ్ణి. పడితే లోపల సంతోషం. అతనికి దండగైన రోజులే నావి.

ఒక ఆదివారం బావగారు పంక్చర్ వేయించుకోవడానికి వచ్చాడు. "మావాడు ఎంతవరకు వచ్చాడోయ్?" అన్నాడు. ఊరుకుంటే పోయేది. ఊరుకోవడం ఎనిమిదో తరగతిలో చెప్పలేదు.

"మీ బామ్మర్ది నా సైకిల్ మీద మూడు వందల గంటలు తిరిగిండు సార్. విమానం మీద పదహారు. ఇట్లయితే ముందు సైకిల్ లైసెన్సే వస్తది."

ఆయన నవ్వలేదు. పంక్చర్ వేయడం అయ్యేదాకా రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

రెండు నెలలకు పైలట్ సాబ్ వచ్చి చెప్పాడు. ఇంగ్లండులో బావకు తెలిసినవాళ్ళున్నారట, అక్కడి స్కూల్లో సీటు దొరికిందట.

"ఇంగ్లండ్ల రోజూ వానేనట గద సాబ్. మబ్బు ఈడ తక్కువైందా?"

"మబ్బు అక్కడా ఉంటుందిరా. కానీ అది పోయేసరికి విమానం సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ మబ్బు పోతే రిపేరు, రిపేరు అయితే వరస. ఇలాగే కూర్చుంటే ఉద్యోగానికి వయసు దాటిపోతుంది. వచ్చాక ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాయాలి, రాస్తాను. నువ్వు బావతో ఆ మాట అన్నావు చూడు, అదే పని చేసింది."

నా చేతిలో పానా ఉంది. దాన్ని తుడుస్తూ కూర్చున్నాను.

ఇంగ్లండు విమానం కోసం బొంబాయి రైలు ఎక్కే రోజు, "స్టేషన్‌కి వస్తావుగా?" అన్నాడు.

"నేనెందుకు సాబ్? నువ్వు పైనుంచి పొయ్యేటప్పుడు ఈడనుంచే చెయ్యి ఊపుత" అన్నాను. అతను నవ్వాడు. జోకు పూర్తిగా విని నవ్వాడు. నేను వెళ్ళలేదు. అక్కడ ఏడుపొస్తే దాని మీద చెప్పడానికి జోకు లేదు నా దగ్గర.

తర్వాత కూడా పొద్దున్నే సీటు లేపుతూనే ఉన్నాను. చెయ్యి అలవాటు. మొదట వచ్చినవాడు కాళ్ళందక తిట్టేవాడు, మళ్ళీ దించేవాణ్ణి. ఆకాశం తేటగా ఉంటే ఏమీ తోచేది కాదు, మబ్బు పడితే ఇంకా తోచేది కాదు. బెంచీ మీద గాలి పంపు పెట్టుకుని నేనే కూర్చునేవాణ్ణి.

కొన్ని నెలలకు వాళ్ళక్క కూరగాయలకని వచ్చి దుకాణం ముందు ఆగింది. చేతిలో ఉత్తరం. అక్కడ ఒక్క నెలలో ఎగిరినంత ఇక్కడ రెండేళ్ళలో ఎగరలేదని రాశాడట. అన్నీ బాగున్నాయట, మాట్లాడేవాళ్ళే లేరట.

నేను ఛాతీ విరిచాను. "నా మాట వల్లనే పోయిండక్కా, యాదుంచుకోమనుండ్రి. సాబ్ బయలెల్లిన దినం నేను గూడ మాట తప్పలేదు. పైనుంచి పోయిన విమానాలన్నిటికి చెయ్యి ఊపిన."

ఆవిడ ఉత్తరం మడత పెట్టింది.

"రైలెక్కినవాణ్ణి ఆకాశంలో వెతికితే ఎలా కనిపిస్తాడు బాబూ? గార్డు జెండా ఊపేదాకా వాడు స్టేషన్ గేటు వైపే చూస్తూ నిలబడ్డాడు."