గురువారం తిట్లకు వచ్చే నర్సమ్మ

మా వీధి నర్సమ్మ పోయింది. పోయిన ఆదివారం పొద్దున, పులివెందులలో, తన చెల్లెలి ఇంట్లో. ఆ చెల్లెలే ఫోన్ చేసి చెప్పింది. చక్కెర జబ్బు ఆమెకు ఇరవై ఏళ్లనాటిది, చివరికి అది మూత్రపిండాల దాకా వెళ్లింది. ఫోన్ వచ్చినప్పుడు నా వేళ్ల నిండా మైదా జిగురు. ఆ చేత్తోనే ఫోన్ పట్టుకుని విన్నాను. విన్నాక చేయి కడుక్కోవడం మరచిపోయాను. పులివెందుల బస్సులో టికెట్ వేళ్లకు అతుక్కుంటే గానీ గుర్తు రాలేదు.

అక్కడ షామియానా కింద కూర్చుని ఉంటే, వాళ్ల దూరపు బంధువొకడు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మామా, ఆయమ్మ కరోనా సూది ఏసుకునింది గదా? దానివల్లనే అంటాండారే?"

"ఎవురు అంటాండారప్పా?"

"అందురూ."

"అందురంటే నువ్వే గదా. చక్కెర ఇరవై ఏండ్ల నుంచి ఉందప్పా ఆమెకు. సూది ఏసుకుని నాలుగేండ్లు దాటింది."

"ఏమో మామా, ఎవురికి తెలుసు" అంటూ కుర్చీ మళ్లీ వెనక్కి జరుపుకున్నాడు. శవం ఇంకా ఇంట్లోనే ఉంది కాబట్టి నేను గొంతు పెంచలేదు. కానీ ఆ సూది సంగతి ఎవరికి తెలుసో వాళ్లలో నేనొకణ్ణి. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. అందుకని రాస్తున్నాను.

ప్రొద్దుటూరులో నాది పుస్తకాలకు అట్టలు వేసే పని. బడి చదువు తక్కువ. నా చదువంతా బైండింగుకు వచ్చిన పుస్తకాల్లోనిదే. పుస్తకం నా బల్ల మీద ఉన్నంతసేపే చదువు. చాలా కథలు నాకు సగం దాకానే తెలుసు, మిగతా సగం వాటి సొంతదారులు తీసుకుపోయారు. అందుకే నేను ఏ సంగతి మొదలుపెట్టినా పక్కదోవ పడతానని మా ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. ఈసారి పడకుండా చూస్తాను.

ఆమెను మొదట చూసింది ఒక రిజిస్టరు వల్ల. అప్పట్లో కొండాపురం వైపు పనిచేసేది. జలాశయంలోకి నీళ్లు వస్తాయని ఆమె చూసే ఊరు ఖాళీ అయ్యి, జనం కొత్త కాలనీకి మారారు. అందరూ మంచాలూ ద్వారబంధాలూ ట్రాక్టర్లకు ఎక్కించుకుంటే, ఈమె పిల్లల టీకాల రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చింది. దాని అట్ట ఊడింది, దారం తెగింది, కాగితాలు ఎటువి అటే. తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"అన్నా, గట్టిగా కుట్టియ్యి. ఇంటి నంబర్లన్నీ పోయినాయి. ఈ పేర్లు గూడా పోతే ఏ బిడ్డకు ఏ సూది ఏయాల్నో నాకు తెలీదు."

"ఎల్లుండి రా మ్మా."

"రేపే బుధవారం. టీకాల దినం. ఈడనే కూర్చుంటా, నువ్వు కుట్టు."

కూర్చుంది. పేజీలకు నంబర్లు లేవు. ఏ కాగితం వెనక ఏది రావాలో ఆమె పిల్లల పేర్లు చూసి చెబుతుంటే నేను వరస పెట్టాను. "వీడు వాని తమ్ముడు, కిందికి పెట్టు." "ఈ పాప మార్చిలో పుట్టింది, ముందుకు జరుపు." నంబర్లు లేని పుస్తకాలు నేను చాలా కుట్టాను గానీ, పుట్టుకల వరసలో కుట్టింది అదొక్కటే.

తరువాత ఆమెకు ప్రొద్దుటూరు బదిలీ అయింది. మా వీధిలోనే ఇల్లు తీసుకుంది, మా గోడకు ఆనుకునే. ఆరోగ్య కేంద్రం వీధి చివర.

ఆమె పని తీరు చెప్పాలి. పసిబిడ్డను తాకేముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వేడి చేసుకునేది. మందు పెట్టెతో ఆటో ఎక్కితే, ఎండ ఎటు పడుతుందో చూసి రెండో వైపు కూర్చునేది. ఆ నీడ పెట్టె కోసం. ఇవి అందరు నర్సులూ చేస్తారేమో. అందరూ చేయనిది ఒకటుంది. బుధవారం సూదులు వేసి, గురువారం పొద్దున్నే, సూది పడిన ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లేది. ఎందుకంటే, తిట్లు తినడానికి. "బుధవారం సూది, గురువారం తిట్లు" అని తన ఉద్యోగాన్ని తనే రెండు ముక్కల్లో చెప్పుకునేది.

ఒక గురువారం నేను చూస్తుండగానే ఒక తండ్రి గడపలోనే అడ్డం నిలబడ్డాడు.

"ఏం సూది ఏసినావు నువ్వు? బిడ్డ ఒళ్లు కాలిపోతాంది!"

"జొరం వస్తాదని నిన్ననే చెప్పినా గదప్పా."

"చెప్తే సరిపోతాదా? నువ్వేమో ఏసిపోతావు, ఏడ్చేది మాది!"

"అందుకే గదా వచ్చినా. తిట్టు. తిట్టేది అయినాక బిడ్డను ఇటియ్యి."

అతను తిట్టాడు. ఆమె నిలబడి విన్నది. తరువాత బిడ్డను ఒళ్లో వేసుకుని తడిగుడ్డ పెట్టింది, మందు పట్టించింది, కాఫీ తాగి మరీ వచ్చింది. ఎందుకమ్మా ఈ బాధ అని అడిగితే, "ఏసి పారిపోతే సూదికి చెడ్డపేరన్నా. నిలబడుకోని తిట్లు తింటే ఆ తిట్లు నాతోనే పోతాయి" అంది. అట్లా మా వీధిలో సూది అంటే భయం లేదు. సూది మీద నమ్మకం అనలేను. ఆమె మీద నమ్మకం. ఆ రెండూ వేరని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ఆమెకు కూడా.

కరోనా టీకా వచ్చినప్పుడు మొదటి వంతు ఆసుపత్రి వాళ్లది. ఆ రోజు నేను కుట్టిన రిజిస్టర్లు అప్పగించడానికి ఆరోగ్య కేంద్రానికి పోయాను. ఆమె గేటు దాటి బయటికి వస్తూ ఉంది, ఎడమ భుజానికి దూది అదిమిపెట్టుకుని.

"ఏసుకున్యావా మ్మా?" అన్నాను.

"చూస్తాండావు గదన్నా" అని నవ్వింది.

వీధి మొత్తం చూసింది. గుమ్మాల్లో నిలబడి చూసింది. ఇంటి తలుపు దాకా ఆమె ఆ దూది తీయలేదు.

అసలు జరిగింది వేరు. ఆ రోజు లోపల ఆమె తనకు చక్కెర ఎక్కువుందని చెప్పి, వచ్చే వారం చూద్దామని వాయిదా అడిగింది. కాగితాల్లో తప్పు ఏమీ రాయించలేదు, వాయిదా అనే ఉంది. కానీ బయటికి వస్తూ బల్ల మీది దూది ఒకటి తీసుకుంది. తను వేయించుకోలేదని తెలిస్తే ఈ వీధిలో ఇంకెవరూ వేయించుకోరని ఆమెకు తెలుసు. వచ్చే వారం కూడా వాయిదానే. ఆ పై వారం కూడా.

ఆపైన పెద్దవాళ్ల వంతు వచ్చింది. మా వీధిలో మగ్గం అవ్వ ఉండేది. మగ్గం నేసే ఇంటి అవ్వ కాబట్టి ఆ పేరు. ఎనభై దాటింది. జన్మలో మాత్ర మింగలేదని గొప్పలు పోయేది. అలాంటిది ఆమే అందరికంటే ముందు తయారైంది.

"నర్సమ్మ ఏసుకునింది, గుండ్రాయి మాదిరి తిరుగుతాంది. ఆయమ్మ ప్రాణం కంటే నా ప్రాణం ఎక్కువా? పదండ్రా."

బుధవారం పద్నాలుగు మందిమి పోయాం, నాతో సహా. వరసలో ముందు అవ్వ. నర్సమ్మ సూదిలో మందు ఎక్కించింది. అవ్వ చేయి చాచి, ఊరికే మాటవరసకు అడిగింది.

"నీకు జొరం ఎన్ని దినాలు ఉండింది మ్మే?"

నర్సమ్మ చేయి ఆగింది. ఇన్నేళ్లలో ఆమె చేయి ఆగడం నేను చూడలేదు. సూదిని పళ్లెంలో పెట్టింది.

"నాకు రాలేదవ్వా. నేను ఏసుకోలేదు."

"ఏందీ?"

"ఏసుకోలేదవ్వా. ఆ పొద్దు ఉత్త దూదే."

లేచి బయటికి వచ్చినవాళ్లలో మొదటివాణ్ణి నేనే. ఇది దాచుకోదగిన సంగతే గానీ, ఆమె అంతమంది ముందు చెప్పుకున్నాక నేను కాగితం మీద దాచుకుంటే బాగుండదు. బయటికి వచ్చాను, ఇంటికి మాత్రం పోలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను. అవ్వ మాత్రం లోపల కుర్చీలోంచి లేవలేదు. ఎంత కోపమొచ్చినా ఏం జరుగుతుందో చూడాలనే జబ్బు నాది.

లోపల ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఏదో చెప్పింది. ట్రైనింగులో ఉన్నప్పుడు ఎవరో ఒక సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుని, చావు దాకా వెళ్లి వచ్చిందట. అప్పటి నుంచి ఆమెకు సూది వేసుకోవడమంటే వణుకు. వేల మందికి వేసింది, ఈ మాట ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మ అప్పటి సూదిలో ఏ మందు ఉండిందో అడిగి తెలుసుకుని, దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పి, కోప్పడింది.

"ఈ మాట నెల కిందటే చెప్పింటే నేనే పక్కన కూర్చునేదాన్ని గదమ్మా!"

"నర్సును గదా మేడం. సిగ్గేసింది."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. చిన్న నర్సు, అవ్వ కోసం ఎక్కించిన ఆ మందునే ఆమెకు వేసింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది, అచ్చం పిల్లల్లాగే.

"ఇప్పుడు చూసినావా అవ్వా?" అంది కళ్లు తెరిచి.

"ఇప్పుడు ఏసుకుంటే ఇప్పుడే ఏం తెలుస్తాది? రేపు చూస్తాం" అని అవ్వ కర్ర తీసుకుని లేచింది. మేమంతా ఆమె వెనకే. తెరిచిన మందు బుడ్డి ఎవరికీ పనికిరాక మధ్యాహ్నానికి పారేయాల్సి వచ్చింది. ఆ బుడ్డి గురించి ఆమె చాలా కాలం బాధపడింది.

మరుసటి పొద్దున వీధంతా ఆమె గుమ్మంలో ఉంది. ఆ రోజు గురువారమని ఎవరూ అనుకుని రాలేదు. తలుపు బార్లా తీసి ఉంది. ఆమె మంచం మీద, దుప్పటి గడ్డం దాకా కప్పుకుని, పళ్లు కొట్టుకుంటూ పడుకుని ఉంది. తలుపు తనే తీసిపెట్టిందట. జ్వరం వచ్చింది, రాలేదని చెప్పలేను, వచ్చి చూసుకోండి అని.

"రాండి. ఈ పొద్దు నా వంతు. తిట్టండి" అంది.

అవ్వ మంచం దగ్గరికి పోయింది. "ఏమే దొంగదానా! దూది పెట్టుకోని తిరిగి మమ్మల్ని మోసం జేస్తావా?"

"చేసినా అవ్వా."

"మా ఇండ్లకొచ్చి నిజాలు చెప్పే నోరు గదే అది!"

"అవునవ్వా. తిట్టు."

"తిట్టేదానికే వచ్చినా. ముందు, ఏమన్నా తాగినావా లేదా?"

తాగలేదు. అవ్వ నుదురు పట్టి చూసింది, మా వైపు తిరిగి "జొరం గట్టిగానే ఉంది" అని సాక్ష్యం చెప్పింది. తరువాత నన్ను చూసి, "అట్ల నిలబడుకోని చూస్తావేమప్పా, గంజి పెట్టిచ్చుకోని రాపో" అంది. నేను పోయి మా ఇంట్లో పెట్టించుకుని వచ్చాను.

గంజి తాగుతూ ఆమె నాతో అంది: "ఇన్నేండ్లు నేను ఏసిన మందులన్నీ నేను పుట్టకముందు నుంచి ఉండేటివన్నా. ఇది నిన్న వచ్చింది. గడపలో అడ్డం నిలబడే వాళ్లను చూసి ఇంత భయమేందిలే అనుకునేదాన్ని. వాళ్లకూ ఇంతే ఉంటాదన్నా. ఇంతే ఉంటాది."

శుక్రవారం సాయంత్రానికి జ్వరం తగ్గింది. శనివారం మళ్లీ మా వీధి వంతు. పద్నాలుగు మందిలో పదిమందిమి పోయాం. నలుగురు రాలేదు. దూది మాట ఒకసారి చెవిన పడ్డాక వాళ్లకు ఏ మాటా ఎక్కలేదు. ఆ నలుగురిలో ఒకాయన కరోనా వచ్చి ఆ వేసవి దాటలేదు. ఆమె ఆ ఇంటికి కూడా వెళ్లింది, గురువారం దాకా ఆగకుండా, ఒక్కతే. లోపల ఏ మాటలు పడిందో నాకు తెలియదు. తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖం చూసి నేను అడగలేదు. ఆ తరువాత రిటైరయ్యేదాకా, ఏ కొత్త మందు వచ్చినా చిన్న నర్సులను ఆమె మొదట అడిగే మాట ఒకటే అయింది: "నీకు భయముందా? ఉంటే నాకు చెప్పు, వీధిలో వాళ్లకు మందు మంచిదని చెప్పక ముందే."

పులివెందులలో కుర్చీ జరుపుకున్న ఆ మనిషికి ఇదంతా చెప్పే వీలు లేకపోయింది. చెప్పినా వినేవాడు కాదేమో. అతను వినాలంటే ఆమె లాగా ఎవరైనా గడపలో నిలబడాలి, నాకు అంత ఓపిక లేదు. మగ్గం అవ్వ ఉంటే తిట్టయినా చెప్పేది. అవ్వ నిరుడు నిద్రలోనే పోయింది.

ఆ శనివారం మాత్రం అవ్వే మొదట చేయి చాచింది. నర్సమ్మే వేసింది. వేశాక అరగంట కూర్చోవాలన్నారు. "నువ్వూ కూర్చో, నాకేమన్నా అయితే పట్టుకునేదానికి" అని అవ్వ ఆమె కొంగు వదల్లేదు. సూదులు చిన్న నర్సుకు అప్పజెప్పి, ఆమె వచ్చి వరండాలో బెంచీ మీద అవ్వకు కుడి వైపున కూర్చుంది. ఎండ వెచ్చగా ఉంది. అవ్వ వారం రోజులుగా సరిగా నిద్రపోలేదని తరువాత తెలిసింది. కాసేపటికి తల వాలింది. వాలింది నర్సమ్మ ఎడమ భుజం మీద, ఇంకా వాపు తగ్గని చేతి మీద. ఆమె పెదవి కరుచుకుంది. అవ్వ తలను పక్కకు జరుపుతుందేమోనని చూశాను. జరపలేదు. కుడి చేత్తో కొంగు లాగి అవ్వ ముఖం మీద ఎండ పడకుండా పట్టుకుంది. లోపల పేర్లు పిలుస్తున్నారు, మేము ఒక్కొక్కరమే లేచి పోతున్నాం, వాళ్లిద్దరూ అట్లాగే కూర్చుని ఉన్నారు.