ప్రవచనానికి టికెట్ అడిగిన ఏసురత్నం

ఆత్మకూరు ఏసురత్నానికి ఒక్కటే జబ్బు. ఎక్కడైనా ప్రవచనం నెరవేరిందని ఎవరైనా అంటే చాలు, టికెట్ చూపించమంటాడు. ఆర్టీసీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. చిల్లర సంచీ డిపోలో అప్పజెప్పాడు కానీ అడిగే అలవాటును మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు "యెహెజ్కేలు ప్రవక్త చెప్పింది చెప్పినట్టే జరిగింది" అని గొంతు పెంచగానే ముందు చాప మీంచి ఒక చెయ్యి లేచేది. "అయ్యగారూ, చెప్పిందెప్పుడు? జరిగిందెప్పుడు? తవ్వితే ఏం దొరికింది?" పాస్టరు గారు చెమట తుడుచుకుని, ప్రార్థన చేసుకుందాం, అందరూ కళ్లు మూసుకోండి అనేవారు. ఏసురత్నం బుద్ధిగా కళ్లు మూసుకునేవాడు. చెయ్యి మాత్రం దించేవాడు కాదు.

కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్ని నాస్తికుడనుకునేవారు. కాదని భార్య అమృతమ్మకు తెలుసు. పొద్దున్నే ఆయన చేసే ప్రార్థనకు వీధి కుక్కలు కూడా లేచి కూర్చుంటాయి. అంత నమ్మకం ఉన్నప్పుడు ఈ ప్రశ్నలెందుకని ఆమె ఒకసారి నిలదీసింది.

"నమ్మినోడే అడుగుతడు అమృతమ్మా. నమ్మనోడికి ఏం పని? దేవుడు ఎవ్వర్నీ టికెట్ లేకుంట బస్సెక్కియ్యడు. మధ్యల మనుషులే ఎక్కిస్తరు" అన్నాడాయన.

బైబిలు ప్రవచనాలన్నిటికీ ఆయన దగ్గర కండక్టరు తీర్పు ఒకటి సిద్ధంగా ఉండేది. నీనెవెకు ఫుల్ టికెట్. మట్టిలో కలుస్తుందన్నారు, కలిసింది; తర్వాత వాళ్లూ వీళ్లూ దిబ్బలు తవ్వితే రాజుల కోటలు బయటపడ్డాయి. ఐగుప్తు నలభై ఏళ్లు మనిషి అలికిడి లేకుండా పాడుబడుతుందన్న మాటకు మాత్రం ఎక్కడ తవ్వినా సాక్ష్యం లేదు. "సీట్ల కూసోమను, దిగేలోపు చూద్దాం" అనేవాడు. బెల్షస్సరనే రాజే లేడని పండితులు కొట్టేశాక మట్టి రాతల్లో ఆ పేరు దొరికింది, కానీ రాజుగా కాదు, రాజు కొడుకుగా. కాబట్టి అతనికి పాసు ఉంది, పాసు మీద హోదా తప్పు. ఇక దానియేలు గ్రంథంలో కొన్ని సంగతులు జరిగిపోయాక రాసినవని చాలామంది పండితుల అభిప్రాయం కదా అని ఎవరో యువకుడు ఇరికించబోతే, ఏసురత్నం తడుముకోలేదు. "గట్లయితే అది బస్సు దిగినంక కొన్న టికెట్. టికెట్టేగాని ప్రయాణానికి పనికిరాదు. గ్రంథం మంచిదే, ఆ వాదన పక్కకు పెట్టు" అన్నాడు.

తూరు పట్టణం సంగతి మాత్రం అమృతమ్మ ఈ జన్మలో మరిచిపోదు. నెబుకద్నెజరు రాజు వచ్చి దాన్ని నేలమట్టం చేస్తాడని ప్రవచనం. ఆయన ఏళ్ల తరబడి ముట్టడించినా సముద్రంలోని దీవి చేతికి రాలేదు, ఆయనకు కూలి గిట్టలేదని యెహెజ్కేలే తర్వాత ఒప్పుకున్నాడు. చాలాకాలానికి అలెగ్జాండరు వచ్చి ఒడ్డున ఉన్న పాత ఊరి రాళ్లూ మట్టీ సముద్రంలో పోసి దీవికి దారి కట్టాడు. ఇదంతా వీధి పిల్లలకు చూపించాలని ఏసురత్నం బట్టలుతికే టబ్బులో నీళ్లు నింపి, మధ్యలో కూరగిన్నె బోర్లించి, అది దీవి అన్నాడు. అలెగ్జాండరు కట్టకు మట్టి కావలసి వంటింట్లోకి పోయి కందిపప్పు డబ్బా తెచ్చి గుమ్మరించాడు. అమృతమ్మ వచ్చేసరికి దండు సగం దూరం నడిచింది. ఆ పూటా మరుసటి పూటా ఇంటిల్లిపాదీ అలెగ్జాండరు కట్టనే పప్పుచారుగా తిన్నారు. తూరుకు మాత్రం హాఫ్ టికెట్టే ఇచ్చాడు. ఊరు పడ్డ మాట నిజం, కానీ ఈరోజుకీ అక్కడ జనం కాపురం ఉంటున్నారు కదా అని.

ఈ జబ్బు ఇంట్లో కూడా తగ్గేది కాదు. వాన వచ్చేటట్టుంది, దండెం మీద బట్టలు తియ్యమని అమృతమ్మ వంటింట్లోంచి కేకేస్తే, ఎప్పుడు చూసినవ్, ఏం చూసినవ్ అని విచారణ మొదలుపెట్టేవాడు. విచారణ ముగిసేసరికి బట్టలు తడిసి ముద్దయ్యేవి. అప్పుడు ఎంతో తృప్తిగా "ఫుల్ టికెట్" అనేవాడు. ఒకసారి అలంపూరు దగ్గర తుంగభద్ర ఒడ్డున దొరికిందని ఒక ఇటుక మోసుకొచ్చి, రాజుల కాలం నాటిదని ప్రార్థన గదిలో పెట్టాడు. అది కూలిపోయిన రైసుమిల్లు పొగగొట్టానిదని పొరుగాయన చెప్పాక, ఇటుకను రోడ్డు మీద పడెయ్యకుండా గౌరవంగా కోళ్ల గంపకు బరువుగా పెట్టాడు.

ఈ వానాకాలం మొదట్లో ఊళ్లోకి ఒక ప్రవచనాల అయ్య వచ్చాడు. తెల్ల బట్టలు, పెద్ద మైకు, చెవులు చిల్లులు పడే పాటలు. ఉప్పునుంతలలో, అలంపూరులో తాను చెప్పిన ప్రతి మాటా నెరవేరిందని వేదిక మీద ప్రకటించాడు. చెయ్యి ఎత్తింది ఎవరో చెప్పక్కర్లేదు. వాలంటీర్లు ఆయన్ని భుజాలు పట్టి కూర్చోబెట్టారు, మైకు శబ్దం ఇంకాస్త పెరిగింది. ఆ శబ్దంలోనే అయ్య, ముందు వరుసలోని నిరోషను వేలెత్తి చూపించి, ఆమె కడుపున కాయ నిలవదని దేవుడు చూపిస్తున్నాడనీ, దవాఖానలు మాని ఉపవాసం పట్టమనీ చెప్పాడు.

నిరోష పక్కింటి రూతమ్మ కోడలు. ఏడో నెల. మొగుడు వంశీ హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల పళ్లెం ముందు పెడితే పక్కకు జరిపేది. ఏఎన్‌ఎం నర్సమ్మ వచ్చి పిలిస్తే తలుపు గడియ వేసుకునేది. రూతమ్మ కూడా భయపడిపోయి, దేవుని మాటకు అడ్డం పోతే ఇంకేం మూడుతుందో అని కోడలితో పాటు ఉపవాసం పట్టింది. అమృతమ్మ జొన్న గటుక కాచి పట్టుకొని పోయి బతిమాలింది. "ఎట్లైన నిలువదంట గద పెద్దమ్మా, తిని ఏం జేయాలె" అని ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది.

అదే పొద్దున ఏసురత్నం గుడ్డసంచీ భుజాన వేసుకుని తవ్వకాలకు పోతున్నానని బస్టాండు దారి పట్టాడు. అమృతమ్మకు ఒళ్లు మండిపోయింది. పక్కింట్లో రెండు ప్రాణాలు ఎండిపోతుంటే ఈ మనిషికి ఇటుకలు కావలసి వచ్చాయా అనుకుంది. ఈసారి ఇటుకతో వస్తే దానితోనే సమాధానం చెబుతానని కోళ్లతో కూడా అన్నది. రెండు రోజులైనా మనిషి జాడ లేదు, ఫోను చేస్తే బస్సు మోత తప్ప ఏమీ వినబడలేదు.

మూడో రోజు పొద్దెక్కాక వనపర్తి నుంచి వచ్చిన బస్సులోంచి ఏసురత్నం దిగాడు. చేతిలో ఇటుక లేదు. వెనక ఒక నడివయసు ఆమె, ఆమె పక్కన పేపరు చదువుకుంటూ ఒక బట్టతల మనిషి, వాళ్ల వెనక ముక్కు కారుతున్న పిల్లవాణ్ణి చంకనేసుకున్న మరొక ఆమె. అందరినీ వరసగా నడిపించుకుంటూ, ఇంటికి కూడా రాకుండా నేరుగా రూతమ్మ ఇంట్లోకి పోయాడు. అమృతమ్మ గరిటె చేతిలోనే పట్టుకుని వెంట పరుగెత్తింది.

నడివయసు ఆమె పేరు కిష్టమ్మ, అలంపూరు. పోయినేడు పంట ఇంటికి చేరే లోపు మొగుడు పోతాడని అయ్య ఆమెతో చెప్పాడట. ఆ మొగుడే బట్టతల మనిషి. పంట అమ్ముకొని, పాత స్కూటరుకు కొత్త రంగు వేయించుకొని, ఇప్పుడు చాయ్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాడు. చంకన పిల్లవాడున్న స్వరూపది ఉప్పునుంతల. ఆమెకు అయ్య చెప్పింది అక్షరం పొల్లుపోకుండా నిరోషకు చెప్పిందే. పిల్లవాడు అది విననట్టు గ్లాసు కిందికి తోసేసి నవ్వాడు.

ఏసురత్నం నిరోష మంచం ముందు పీట వేసుకు కూర్చున్నాడు. "బిడ్డా, అబద్ధం చెప్పను. నీకు చెప్పిందే అయ్య ఇంకా కొందరికి చెప్పిండు, అందర్నీ కలిసిన. ఒక్కామెకు అయ్య మాట నిజమైంది. ఆమె గూడ నీ లెక్కనే దవాఖాన మానేసింది. మిగిలినోళ్లు తిన్నరు, సూదులు ఏయించుకున్నరు, కన్నరు. ప్రవక్త చెప్పింది జరుగకపోతే వానికి భయపడకుండ్రి అని ఎన్నడో మోషేకు దేవుడే చెప్పిండు. నేను గీ ముసలితనంల ఊర్లు తిరిగింది ఆ మాట నీకు చెప్పనీకే."

ఇన్నేళ్లుగా పండితుల మాటకూ పాస్టరు గారి మాటకూ ఎత్తిన ఆ చెయ్యి ఎందుకెత్తాడో అమృతమ్మకు అప్పుడు అర్థమైంది. తూరు ఏమైపోతే ఎవరికేమిటి, బతికున్నవాళ్లు ఊరికే భయపడకూడదని ఈ మనిషి పట్టుదల. ఆయన మీద అంత ప్రేమ ఒక్కసారే పొంగుకొచ్చి, ఏం చేయాలో తోచక గరిటెతో పిల్లవాడి ముందున్న ఈగను తోలింది.

నిరోష లేచి కూర్చుంది. పిల్లవాడు ఆమె గాజులు పట్టుకుని లాగుతుంటే వదిలించుకోలేదు. స్వరూపను మెల్లగా అడిగింది. "అక్కా, గప్పుడు నువ్వేం తిన్నవ్?"

"అన్నీ తిన్న చెల్లే. మా అత్త గుణిగితే ఆమె వంతు గూడ తిన్న" అంది స్వరూప.

రూతమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు, కిష్టమ్మ మొగుడికి చాయ్ రెండుసార్లు దొరికింది, సాయంత్రం ఏఎన్‌ఎం వస్తే తలుపు తెరిచే ఉంది.

నెలలు నిండాక వనపర్తి ప్రభుత్వ దవాఖానలో నిరోష ఆడపిల్లను కన్నది. వంశీ కూతురిని తీసుకొచ్చి ఏసురత్నం చేతుల్లో పెట్టాడు. పాస్టరు గారూ పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చారు. రూతమ్మ చేతులు జోడించింది. "అన్నా, ఇంత మేలు జేసినవ్. నా మనుమరాలి రేపటి సంగతి ఒక్క మంచి మాట నీ నోటితోటి చెప్పు."

జీవితంలో ఒక్క ప్రవచనం కూడా చెప్పని మనిషి ఏం చెబుతాడోనని పాస్టరు గారు కూడా ముందుకు వంగారు. ఏసురత్నం బిడ్డ మొహంలోకి తేరిపార చూశాడు. పెదాలు చప్పరిస్తోంది, పిడికిళ్లు బిగిస్తోంది.

"ఈ పిల్ల ఇప్పుడే గట్టిగ ఏడుస్తది" అన్నాడు.

ఆయన నోరు మూయకముందే ఆ పిల్ల పక్క వార్డుకు కూడా వినబడేలా గుక్కపట్టింది. పాస్టరు గారు పండ్ల సంచీ కింద పెట్టేసి మరీ నవ్వారు, నిరోష బిడ్డ కోసం చేతులు చాపింది.