లోపలికి తిప్పిన జంటముడి

ఉత్తరాన అణుబాంబుల యుద్ధం జరిగిన నాలుగో ఏడు మా మేనత్త ఒక ఓడ సరుకును ఆపేసింది.

రేవు గిడ్డంగిలో గోతాల మూతులు కుట్టడం ఆమె పని. చేతిలో దబ్బనం, మెడలో పురికొస చుట్ట. సరుకు మంచిదని తేలిన ప్రతి గోతానికీ చివర ఎర్రదారంతో ఒక కుట్టు వేస్తుంది. అది లేనిదే గోతం గిడ్డంగి దాటకూడదు. బడి మూతపడ్డప్పటి నుంచి నేనూ ఆమె పక్కనే కూర్చుని కుట్టేదాన్ని.

ఏ దేశం ఎలా ఉందో రేడియో కంటే ముందు అత్తకు గోతాలు చెప్పేవి. ఉత్తరపు దేశాల నుంచి యుద్ధం తర్వాత ఒక్కటీ రాలేదు. బూడిద కింద గడ్డకట్టిపోయాయన్నారు. తూర్పు మైదానాల నుంచి మొదట జనపనార గోతాలే వచ్చేవి. వానలు తప్పాక కిటికీ తెరలతో కుట్టినవి, ఆపైన పసిపిల్లల దుప్పట్లతో కుట్టినవి వచ్చాయి. మూడో ఏడు అవీ లేవు. మా దగ్గర ఎండాకాలంలో కూడా ఎండ సరిగా కాయదు, పొలం సగం పండితే గొప్ప. దక్షిణ దీవులే పచ్చగా ఉన్నాయి. వాళ్ల గోధుమే మాకు దిక్కు.

ఆ రోజు దీవుల ముద్రతో మూడు వందల గోతాలు దిగాయి. ఊళ్లో తొమ్మిది రోజుల తిండే మిగిలి ఉంది. అత్త మొదటి గోతం మూతి తడిమి, దబ్బనం కింద పెట్టేసింది.

"ఇది దీవుల కుట్టు కాదు. కొసను లోపలికి తిప్పి జంటముడి వేశారు. ఉత్తరం వాళ్ల చెయ్యి. ఇరవై ఏళ్లు వాళ్ల పిండి గోతాలు విప్పినదాన్ని."

గిడ్డంగి గుమాస్తా నవ్వాడు. "ముడి చూసి ఊరు చెప్తున్నావా అక్కా? అలాగే నా చెయ్యి చూసి జాతకం కూడా చెప్పు."

"నీకు చెయ్యెందుకు, పొట్ట చూస్తే చాలు. ఊరంతా ఎండిపోతుంటే అదొక్కటే కళకళలాడుతోంది."

గింజల్లో బాంబు విషాన్ని కొలిచే మనిషిని అందరూ మీటరాయన అంటారు. ఆయన అడుగు వరస దాకా కొలిచి, "శుభ్రంగా ఉంది వదినా," అన్నాడు.

"మొన్న ఆ మీటరు పాడైతే బాగుచేసిందెవరు?"

"నేనే."

"అదీ సంగతి."

ఎవరో ఉత్తరాన బూడిదలోని పాత గిడ్డంగులు తవ్వి, ఆ విషపు గింజలకు దీవుల ముద్ర కొట్టి అంటగడుతున్నారని అత్త అనుమానం. సరుకు చెడ్డదని చెప్పి వెనకదారిన కాజేస్తుందని ఊరి అనుమానం. కుళాయి దగ్గరికి నేను వెళ్లగానే మాటలు ఆగిపోయేవి. "వాళ్లింట్లో పొయ్యి ఆరదులే," అంది పక్కింటి పిన్ని, నాకు వినపడేలా. మా వంతు గింజలు అయిపోయి ముందురోజు నుంచీ పొయ్యి వెలగలేదని చెప్పాలనుకుని, చెప్పలేక బిందె ఎత్తుకుని వచ్చేశాను. అత్త స్నానానికి వెళ్లినప్పుడు ఆమె సంచీ తడిమి చూశాను. పురికొస తప్ప ఏమీ లేదు. సిగ్గనిపించింది. అయినా మంచం కింద కూడా చూశాను.

మూడో రోజు ఓడ సరంగు వచ్చాడు. "కుట్టింది ఉత్తరం ఆడవాళ్లే. కానీ పంట మాది. పడవల మీద మా దీవికి వచ్చిపడ్డారు, రేవు షెడ్డులో కుడుతున్నారు. చిరిగినవి బాగుచెయ్యడానికి ఒకామెని ఓడలో తెచ్చాం కూడా."

"తెస్తే దింపు. కథలు నాకూ వచ్చు."

ఆమె దిగింది. అత్త వయసే ఉంటుంది. అత్త ఒక ఖాళీ గోతమూ తన దబ్బనమూ చేతికిచ్చింది. ఆమె దబ్బనం మొనను గోటి మీద గీసి చూసి, మొహం చిట్లించి, జేబులోంచి సొంత దబ్బనం తీసుకుంది. గుమాస్తా కిసుక్కున నవ్వాడు. అత్త నవ్వలేదు. కుట్టు చివర ఆమె కొసను లోపలికి తిప్పి ఒక ముడి వేసింది, దాని మీద ఇంకోటి. అత్త దాన్ని విప్పి మళ్లీ కుట్టమంది. మూడోసారికి ఆమె విసుగ్గా ఏదో అంది. ఏమందో సరంగు చెప్పనన్నాడు.

"ఎన్ని పడవల్లో బయల్దేరారో అడుగు," అంది అత్త.

సరంగు అడిగి చెప్పాడు. "పదకొండు. చేరినవి రెండు."

అత్త దబ్బనంలోకి ఎర్రదారం ఎక్కించుకుంది. అయినా ప్రతి గోతం మూతీ తడిమి చూశాకే కుట్టు వేసింది. హమాలీలు ఒక్కొక్కటే బండ్లకెత్తారు.

"దీవుల్లో గోధుమ పొంగిపొర్లుతోందంటారే, మరి ఆమె మణికట్లు అంత పుల్లల్లా ఉన్నాయేమిటే?" అని అత్త నన్నడిగింది.

ఓడ ఎక్కేముందు ఆ ఉత్తరం ఆమె రేవు నేల మీద రాలిన గింజలు ఏరుకోవడం నేను చూశాను. నలుగురికీ కనపడకుండా, ఒక్కొక్కటే, జేబులో వేసుకుంది.

ఏమో అన్నాను. చెప్తే అత్త మళ్లీ దబ్బనం కింద పెట్టేస్తుంది. ఇంకా సగం గోతాలు గిడ్డంగిలోనే ఉన్నాయి.