ఊడిన వైరు

ఫొటోలు, వీడియోలు దాచుకునే నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె టీవీకి కనెక్టు కాకపోతే జనం ఈ మెకానిక్‌ను పిలుస్తారు. వచ్చీరాగానే అతను నేలమీద చతికిలబడి, పెట్టెకు చెవి ఆనించి, లోపల డిస్కు తిరుగుతోందో లేదో వింటాడు. తరువాత వైరును వేళ్లతో తడుముతూ రౌటరు దాకా పాకుతాడు.

ఆరోజు ఒక ఇంట్లో అలా పాకుతూ వెళ్తే, బీరువా వెనుక వైరు ఊడి ఉంది. ఇంటావిడ వంగి గుసగుసగా అంది: "నేనే పీకేశాను, అన్నా. పోయిన మా పాప వీడియోలు చూస్తూ ఆయన తిండీ నిద్రా మానేశారు. మళ్లీ తగిలించొద్దు."

"కనెక్టయిందా?" ముందుగదిలోంచి ఆమె భర్త అడిగాడు.

మెకానిక్ ఊడిన వైరును చేతిలో పట్టుకునే జవాబిచ్చాడు: "లేదు సార్. టైం పడుతుంది."

"పోనీ, బొమ్మ రాకపోయినా పాప గొంతైనా వినపడుతుందా?"

ఆమె మెకానిక్ చేతిలోని వైరు తీసుకుని తనే తగిలించి, వెళ్లి భర్త పక్కన కూర్చుంది.