చలికి పడుకున్న బ్యాటరీ

స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ డ్రైవరమ్మది ఒకటే రూటు, అవే మలుపులు. రిటైరయ్యాక మనసుకు నచ్చినచోటికల్లా పోవాలని ఆమె కోరిక. అందుకే పాత వ్యాను కొని, ఎలక్ట్రీషియన్ మొగుడి చేత అందులో మంచం, పొయ్యి, హీటరు పెట్టించుకుంది. హీటరు డీజిలుతోనే మండినా, దాని ఫ్యాను తిరగాలంటే మంచం కిందున్న బ్యాటరీయే దిక్కు. బండి నడిస్తే ఆ బ్యాటరీ నిండుతుంది. వైరింగు విషయంలో ఆమెకు మొగుడి మాటే వేదం.

ఇద్దరూ అందులోనే ఊళ్లు తిరుగుతుండగా, చలి ముదిరేసరికి హీటరు మొండికేసింది. వెలిగినట్టే వెలిగి ఆరిపోయేది. ఎంత దూరం నడిపినా బ్యాటరీ మీటరు ముల్లు అడుగు వదిలేది కాదు. ఆయన మంచం ఎత్తి చూసి నిట్టూర్చేవాడు.

"చలికి బ్యాటరీ పడుకుంటుందే. ఛార్జింగ్ పట్టదు. మనమేం చేస్తాం?"

వాడకం ఎక్కువై ఇలా అయిందేమో, తప్పు తనదేననుకుంది పిచ్చిది. చదువుకునే దీపం మానేసింది. రేడియో కట్టేసింది. రెండు స్వెట్టర్లు తొడుక్కుని గజగజలాడుతూ కూర్చునేది. మోకాళ్లు పట్టేస్తే ఆయనే నూనె రాసి, మెడదాకా దుప్పటి కప్పేవాడు. ఇంత మంచి మనిషిని తన సరదా కోసం చలిలో పడేశానే అని లోలోపల కుమిలిపోయింది. చివరికి, "వ్యాను అమ్మేసి అమ్మాయి దగ్గరికి పోదాం లెండి," అనేసి, అటు తిరిగి ఏడ్చింది.

మర్నాడు పొద్దున ఆయన నీళ్ల క్యానుతో కుళాయి దగ్గరికి వెళ్లాడు. సామాను సర్దుతూ చలికి ఆగలేక ఆమె ఆయన పాత కోటు తగిలించుకుంది. జేబులో రుమాలు, రుమాల్లో ఫ్యూజు. ఎలక్ట్రీషియన్‌తో ఇన్నేళ్లు కాపురం చేసినదానికి ఆ మాత్రం తెలియదా? మంచం ఎత్తి చూస్తే, ఇంజిన్ నుంచి బ్యాటరీకొచ్చే తీగ మీద ఫ్యూజు డబ్బీ ఖాళీగా ఉంది. ఫ్యూజు అందులో నొక్కి, ఇంజిన్ స్టార్ట్ చేసింది. ముల్లు చటుక్కున లేచింది. కాసేపటికి హీటరు వెచ్చగా ఊదసాగింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

తలుపు తీసిన ఆయనకు వెచ్చటి గాలి ముఖాన తగిలింది. క్యానుతో అక్కడే ఆగిపోయాడు.

"ఫ్యూజు మీరే తీశారా?"

"నీ మోకాళ్ల బాధ చూడలేకే. అమ్మాయి దగ్గరికి పోదామంటే నువ్వు వింటావా?"

"ఒక్కసారన్నా అన్నారా?"

అనలేదు మరి. నోరు తెరిచి అడగడం కన్నా పెళ్లాన్ని వణికించడమే సులువనిపించింది ఆ పెద్దమనిషికి. పరాయివాడైతే నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేది. నూనె రాసిన చేతులే ఇంత పని చేశాయంటే ఆమె గుండె తట్టుకోలేకపోయింది.

అంతలో ఆయన ఫోను మోగింది. కూతురు. డ్రైవరమ్మే తీసింది. హలో అనేలోపే అవతల నుంచి సంబరంగా వినిపించింది.

"ఏం నాన్నా, మన ఫ్యూజు ఉపాయం పారిందా? అమ్మ దారికొచ్చిందా?"

ఆమె ఫోను ఆయన చేతిలో పెట్టి, స్టీరింగు ముందు కూర్చుంది.

"మీకే. కిందికి దిగి మాట్లాడుకోండి. నేను బయల్దేరాలి."