కాలిచా అక్క వెళ్లమన్న రోజు

మంచు సంగతి కాలిచా అక్కకి తెలిసినట్టు మా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. కనుమ మీద మంచు కొలిచే కేంద్రంలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. అది మూతపడ్డాక కూడా పార వదల్లేదు. వారానికి రెండుసార్లు కొండెక్కి నడుము లోతు గొయ్యి తవ్వేది. గొయ్యి అంచున మంచుని దిమ్మలా కోసి, దాని మీద పార పెట్టి అరచేత్తో కొట్టేది. మణికట్టు కదిలేలా పది దెబ్బలు, మోచేయి కదిలేలా పది, భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకి దిమ్మ జారిందో చూసి, ఆ వాలు మీదికి వెళ్లొచ్చో లేదో చెప్పేది.

ఆమె తమ్ముడు ఎర్మెక్ విదేశీయుల్ని స్కీయింగుకి తీసుకెళ్లేవాడు. అడవి అంచుదాకా వాళ్లని మోసే గుర్రాలు నావి.

ఆ ఏడు నవంబరులో కాస్త మంచు పడి, తర్వాత నెలంతా ఎముకలు కొరికే చలి. నేలనంటిన మంచు పంచదార పలుకుల్లా విడివిడిగా అయిపోయింది. జనవరి మంచంతా పట్టులేని ఆ పొర మీదే పడింది. అక్కది ఒకటే మాట.

"ఉత్తరం వాలు వద్దు."

"నీకు 'వద్దు' తప్ప ఇంకో మాట రాదా అక్కా?" అనేవాడు ఎర్మెక్. "నా అతిథులు లగ్మాన్ నూడుల్స్ తిని పడుకోడానికొచ్చారా?"

"తిననీ. బతికుంటేనేగా తినేది."

"పక్క ఊరివాళ్లు అక్కడే రోజూ జారుతున్నారు. ఒక్కడికైనా ఏమైనా అయిందా?"

ఏమీ కాలేదు. ఊళ్లో ఆమెకి 'వద్దక్క' అని పేరు పడింది. నేనూ అలాగే పిలిచాను. ఎర్మెక్ మాత్రం ఎంత వెక్కిరించినా ఒక్కసారీ ఆమె మాట దాటలేదు.

ఫిబ్రవరి చివర ఒక ఉదయం ఉత్తరం వాలు కింద, అడవి అంచున తవ్వింది. ముప్పై దెబ్బలకీ దిమ్మ చెక్కుచెదరలేదు. ఇంకోటి కోసింది. అదీ అంతే.

"గట్టిపడిందిరా. వెళ్లు. ఒక్కొక్కరే దిగండి."

ఎర్మెక్ ఆమెని ఎత్తి గిరగిరా తిప్పి, నాకేసి అరిచాడు. "బోలోత్, విన్నావా! వద్దక్క వెళ్లమంది!"

గట్టు మీదుగా పైకెక్కి, ముందు తనే దిగాడు. రాళ్ల పక్కగా మలుపు తిరిగాడు. కొండ లోపల ఏదో కూలినట్టు దబ్బుమని చప్పుడైంది. వాలంతా ఒక్కసారిగా పగిలి కదిలింది.

అతని ఒంటి మీది పరికరం పంపే సంకేతాన్ని బట్టి, అతను కూరుకుపోయిన చోటు పావుగంటలో కనిపెట్టాం. అక్కే తవ్వింది. నోటి నిండా మంచు. ఊపిరి లేదు.

అతన్ని నా గుర్రం మీద కట్టేసరికి అక్క కనిపించలేదు. రాళ్ల దగ్గరికి ఎక్కింది. అక్కడ మంచు మోకాలి లోతే, మనిషి బరువు నేరుగా అడుగు పొరకి తగిలేంత. తవ్విన చోట ఆ పంచదార పలుకులు ఆమె వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి.

"ఇక్కడ తవ్వలేదు బోలోత్," అంది. "ఇక్కడ చూడలేదు."

ఖననం అయిన మూడో రోజు ఎర్మెక్ భార్య అసిపా టీ అందిస్తూ, కోపం లేకుండానే అడిగింది. "రోజూ వద్దనేదానివి కదా వదినా. ఆ రోజు కూడా అనుంటే ఏం పోయేది?"



మరుసటి చలికాలం పక్క ఊరివాళ్లే వచ్చి అడిగారు. "వాలు ఎలా ఉందక్కా?"

"నాకు తెలీదు."

"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు," అని తలుపేసుకుంది.

వాళ్లు స్కీలు భుజాన వేసుకుని ఉత్తరం వైపే వెళ్లారు.