నాలుగో మెట్టు

మొన్నామధ్య ఒక పొద్దున నేను కాఫీ తాగుతూ ఉంటే మా మనవరాలు ఫోను తెచ్చి, తాతా, ఇందులో హార్మోనియం నువ్వేనంట గదా అని నా చెవి దగ్గర పెట్టింది. డోన్‌లో ఎవరో నాటకాల పిచ్చి ఉన్నాయన పాత క్యాసెట్టు ఒకటి సంపాదించి, బూజు దులిపి, దానికి ఒక కిరీటం బొమ్మ అతికించి, ఇద్దరు రాజుల్లో ఎవరు గొప్ప అని పేరు పెట్టి లోకం మీదికి వదిలాడు. అందులో మొదటి రాజు మా మేనమామ, రెండో రాజు మా అన్న, ఆ రోజు కాళ్ళతో తిత్తి తొక్కుతూ హార్మోనియం వాయించింది నేను. కింద జనం రాసిన మాటలు కూడా ఆ పిల్ల చదివి వినిపించింది. పెద్దాయన నాలుగు శ్రుతిలో ఎంత హాయిగా పాడాడో వినండి, ఆయన ముందు రెండో ఆయన తేలిపోయాడు అని ఒకరు రాస్తే, మిగతావాళ్ళంతా అవునంటే అవునని వంత పాడారు. కాఫీ చల్లారిపోయింది. ఎందుకంటే ఆ రోజు మామ పాడింది నాలుగులో కాదు, ఆ పని చేసిన నాకు ఆ సంగతి తెలుసు.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, మా ఆళ్ళగడ్డ నాటక సమాజం ఉన్నన్నాళ్ళూ ఒకే ఒక్క నాటకం ఆడింది. కరువు రోజుల్లో చెరువు తవ్వించబోయి రాజ్యం పోగొట్టుకుని, చివరికి అదే చెరువు గట్టున మట్టి తట్ట మోసిన రాజు కథ. మా తాత కాలంలో ఒక బడిపంతులు రాసిచ్చి, తర్వాత ఏ ఊరికో బదిలీ అయి పోయాడు. అవే పద్యాలు, అదే తెర, అవే చెక్క కత్తులు. మనుషులు మాత్రం మారుతూ వచ్చారు. కథ ఎట్లా ముగుస్తుందో తెలుసుకుందామని ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, ఏ పద్యం ఎవరు ఎట్లా అందుకుంటారో చూడడానికి అవుకు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. రాజు వేషానికి ఇద్దరు ఉండడం మా ఆనవాయితీ. ఒక గొంతు అన్ని పద్యాలు మోయలేదు కాబట్టి కిరీటం ఉన్నంతవరకూ మొదటి రాజు, కిరీటం దిగాక రెండో రాజు. నడుమ కిరీటం దింపే ఘట్టంలో ఇద్దరూ ఒకేసారి రంగం మీద నిలబడి, పద్యంలో మొదటి సగం పెద్దాయన పాడితే రెండో సగం చిన్నాయన అందుకునేవాడు. ఇక మర్నాడు బస్టాండు టీ హోటల్లో మొదలయ్యేది అసలు నాటకం. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, ఎద్దుల సంతలో పళ్ళు చూసినట్టు, గొంతు చూసి, మాట చూసి, నడక చూసి, ఎవరు ఎంతో తేల్చే దాకా అక్కడి పెద్దమనుషులు గ్లాసు కింద పెట్టేవాళ్ళు కాదు.

ఆ తగవులో తేలని సంగతి ఎప్పుడూ శ్రుతే. గొంతుకు ఆధారంగా హార్మోనియం మీద పట్టుకునే మెట్టును శ్రుతి అంటాం. తెల్ల మెట్లకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు, నల్లవాటికి అరలు. మెట్టు పైకి పోయే కొద్దీ పాడేవాడికి కష్టం, వినేవాడికి సంబరం. మామది నాలుగు, అన్నది ఐదు. మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు ఉండదు, రెండూ ఒకదాని పక్కన ఒకటి అంటుకుని ఉంటాయి, వేలు కాస్త జరిపితే చాలు. ఇరవై యేళ్ళుగా నాలుగులో పాడుతున్న మా మామ ఒక రోజు టీ హోటల్లో, నలుగురూ వింటూ ఉండగా, నా గొంతు నాలుగు నుంచి దిగిన పొద్దు కిరీటం దింపేస్తా, మళ్ళీ ముఖానికి రంగు పూయను అని అనేశాడు. అనకుండా ఉండాల్సింది. మా వైపు మనుషులు మాట మరిచిపోయే రకం కాదు, మామ అసలే కాదు.

ఆ యేడాదే నంద్యాల టౌన్‌హాల్లో పద్యనాటకాల పోటీలు పెట్టారు. సరిగ్గా దానికి మూడు నెలల ముందు మామకు జ్వరం వచ్చి ఇరవై రోజులు మంచం దిగలేదు. లేచి సాధనకు కూర్చున్న రోజు కిరీటం పద్యంలో పై మెట్టు దగ్గర గొంతు చీలింది. రెండో రోజూ అక్కడే చీలింది. మూడో రోజు నుంచి నాతో కూర్చోవడమే మానేశాడు. తెల్లవారకముందే ఎటో పోతాడు, పొద్దెక్కాక వస్తాడు, సాధన ఏమైంది మామా అంటే వేదిక మీద చూద్దువులేరా అంటాడు. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు, ఆ వయసులో మనకు అన్నీ అర్థమైపోయినట్టే ఉంటుంది. గొంతు పోయి మామ నా నుంచి దాక్కుంటున్నాడని నేను తీర్మానించుకున్నాను.

పోటీకి ముందు రోజు మా అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. చేతిలో చేట ఉంది, అందులో కందిపప్పు ఉంది, చూపు మాత్రం పప్పు మీద లేదు.

"మీ మామ పరువు నీ చేతిలో ఉండాదప్పా. ఒక మెట్టు తగ్గిస్తే ఏం పోతాది? ఎవురికి తెలుస్తాది?"

"మామకు తెలుస్తాది గదత్తా."

"తెలిస్తే తెలవనీ. అంతమంది ముందర గొంతు పగిల్తే ఆ మనిషి మళ్ళా వీధిలోకి రాడు."

నేను అవుననలేదు, కాదనలేదు. హార్మోనియం పెట్టెను దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని నంద్యాలకు పోతూ ఉంటే వేళ్ళు వాటంతట అవే చెక్క మీద మూడు, నాలుగు, మూడు, నాలుగు అని కదులుతూనే ఉన్నాయి. పోటీ కాబట్టి నాటకాన్ని రెండు గంటలకు కుదించాం. చీటీల్లో మా వంతు మధ్యాహ్నం రెండింటికి పడింది. హాలు రేకుల కింద సెగలు కక్కుతూ ఉంది, జనం తువ్వాళ్ళతో విసురుకుంటూ ఉన్నారు. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు. వాళ్ళలో ఒకరు నాకు హార్మోనియం నేర్పిన నంద్యాల పెద్దాయన అని కూర్చున్నాక గానీ చూసుకోలేదు. ఎక్కడో రెండు వీధుల అవతల మోగే సైకిల్ బెల్లు కూడా ఏ మెట్టో చెప్పగల చెవి ఆయనది.

తెర లేచింది. ముందు మాటలు, ఆ తర్వాత ప్రవేశ పద్యం. మామ పక్క తెర చాటున నిలబడి శ్రుతి కోసం నా వైపు చూస్తున్నాడు. కిరీటం, భుజకీర్తులు, కంటి కింద చెమటకు కరుగుతున్న కాటుక. నాలుగో మెట్టు మీద ఉన్న నా వేలు, అత్త మాటో, నా భయమో, మూడుకు జరిగింది. తిత్తి తొక్కాను. శ్రుతి లేచింది. మామ ముఖం ఒక్క క్షణం ఆగిపోయింది. నా కళ్ళలోకి చూశాడు. ఆ చూపు హాల్లో ఇంకెవరికీ కనబడదు, నాకొక్కడికే. ఆపి, ఏందిరా ఇది అంటాడేమో అనుకున్నాను. అనలేదు. అడుగు ముందుకేసి పద్యం అందుకున్నాడు. మూడులో ఆ గొంతు నిండుగా, ఎక్కడా నలగకుండా సాగింది. హాలంతా వన్స్ మోర్ అని కేకలు వేసింది. ఆ చూపు కృతజ్ఞత అనుకున్నాను నేను. అనుకోవడమే కాదు, నలభై యేళ్ళకు పైగా అట్లాగే దాచుకున్నాను.

అసలు గండం కిరీటం పద్యం దగ్గర ఉంది, ఆ సంగతి నాకు వాయిస్తూ ఉండగా తట్టింది. ఆ ఘట్టంలో ఇద్దరూ ఒకే శ్రుతిలో పాడతారు సరే, దాని తర్వాత అన్న ఒక్కడే మిగులుతాడు, అక్కడ నేను ఐదుకు పోవాలి. నాలుగు నుంచి ఐదుకు పోతే వినేవాళ్ళకు అలవాటే. మూడు నుంచి ఒక్కసారిగా ఐదుకు ఎగిరితే తువ్వాలుతో విసురుకునే వాడికి కూడా తెలిసిపోతుంది, మొదటి సగమంతా దించి వాయించామని. అంతకు ముందు ఆలోచించని మూర్ఖుణ్ణి, చెమటలో చేతులు జారుతూ ఉంటే, తలెత్తి అన్న వైపు చూశాను. అన్న అప్పుడే చినిగిన పంచెతో రంగం మీదికి వచ్చాడు. మామ కిరీటం తీసి వాడి చేతుల్లో పెట్టాడు. అన్న కిరీటాన్ని అందుకుంటూ, దాని అంచు మీద మూడు వేళ్ళు చాచి, నాకు కనబడేటట్టు పెట్టాడు. మూడు. పైకి పోవద్దు అని.

పోలేదు. ఆ తర్వాత గంటసేపు అన్న తన పద్యాలన్నీ మూడులోనే పాడాడు. ఐదులో విచ్చుకునే గొంతు అది, మూడులో తల తగిలే ఇంట్లో పొడుగు మనిషి నడిచినట్టు వంగి వంగి నడిచింది. మట్టి తట్ట పద్యం దగ్గర జనం ఎప్పుడూ లేచి నిలబడేవాళ్ళు. ఆ రోజు ఎవరూ లేవలేదు. వెనక వరసల్లో బీడీ కోసం బయటికి పోతున్న చెప్పుల చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. అన్నకు కూడా వినబడి ఉంటుంది. ఒక్కసారి ఐదు నొక్కితే చాలు, ఈ హాలు వాడిది అని నా వేలు గుంజింది. నొక్కలేదు.

ఉత్తమ నటుడి కప్పు మామకు వచ్చింది. రెండో రాజులో ఈ రోజు ఎత్తు లేదు అని ఒక న్యాయనిర్ణేత మైకులో చెప్పాడు కూడా. మా గురువుగారు నేను పెట్టె సర్దుకుంటూ ఉండగా దగ్గరికొచ్చి, "పెట్టె శ్రుతి ఎండకు దిగినట్టుండాది, చూపించుకో నాయనా" అని నా భుజం తట్టి వెళ్ళిపోయారు. మామ ఆ కప్పును ఇంట్లో అటక మీద పడేశాడు. ఇక నేను రంగు పూయను అని మర్నాడే చెప్పేశాడు. గెలిచిన ఊపులో దిగిపోయాడు, అదీ మొగతనం అంటే అని టీ హోటలంతా మెచ్చుకుంది. అన్న మరో రెండేళ్ళు ఆడాడు. ఎంత ఐదులో పాడినా, టౌన్‌హాల్లో తేలిపోయినోడు గదా అనే మాటే ముందు నడిచేది. తర్వాత ఆళ్ళగడ్డలో విత్తనాల అంగడి పెట్టుకుని పద్యం వదిలేశాడు. మామ పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఈ సంగతి నేనూ అన్నా ఏనాడూ ఎత్తుకోలేదు.

ఇప్పుడు ఎవరో డోన్ ఆయన ఆ తీర్పునే మళ్ళీ అచ్చు వేసినట్టు లోకానికి వినిపిస్తూ ఉంటే నేను ఊరుకోలేకపోయాను. ఆ మధ్యాహ్నమే ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అన్న అంగట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు, డెబ్బై దాటిన మనిషి, గొంతులో గురక తప్ప ఏమీ మిగల్లేదు. ఫోను వినిపించాను. పూర్తిగా విన్నాడు. ఉన్నది ఉన్నట్టు కింద రాయిస్తా అన్నా, నీకు అన్యాయం జరిగిందని నలుగురికీ తెలవాల అన్నాను.

"వద్దులే," అన్నాడు. మంచం మీద లేచి కూర్చున్నాడు. "నీకొక మాట చెప్పొద్దన్న్యాడు మామ. ఇంక దాచి ఏం జేస్తా. పోటీకి ముందర రెండు నెల్లు తెల్లారకముందే నా మోటార్ సైకిల్ మీద అవుకు చెరువు కట్ట మీదికి పోతాంటిమి. ఆడ నీళ్ళకేసి నిలబడి గొంతు పెట్టేటోడు. కడపటి పది దినాలూ నాలుగులో పాడినాడు. ఒక్క దినం గూడా చీలల్యా."

నేను ఫోను పక్కన పెట్టి మంచం అంచున కూర్చున్నాను.

"హార్మోనియం ముందర కాదురా, జనం ముందరే తేలాల అనేటోడు. నువ్వు మూడు పట్టినావు. అడిగి మార్పిచ్చుకుంటే అంతమందిలో నీకు తలవంపు అని, అట్లే పాడినాడు. సచ్చిపోయేముందర అన్న్యాడు, ఆ పొద్దు నాలుగు నా గొంతులో ఉండెరా, వాడే నమ్మల్యా అని."

అంటే ఆ చూపు కృతజ్ఞత కాదు. ఇంతకాలం నేను మామ పరువు కాపాడాననుకుని లోలోపల కొంచెం గర్వపడుతూ కూడా వచ్చాను. ఆయన ఆఖరి పద్యాన్ని ఆయన చేతిలోంచి లాక్కున్నది నేనే. దించిన శ్రుతికి వచ్చిన కప్పును అటక మీద ఎందుకు పడేశాడో, టీ హోటల్లో తాను అన్న మాట ప్రకారం రంగు పూయడం ఎందుకు మానేశాడో ఇప్పుడు గానీ అర్థం కాలేదు. కోపం లేదా అన్నా అని అడిగాను. నువ్వేం కావాలని జేసినావా, టీ తాగుదాం పా అని లేచి చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

ఇంటికి వచ్చాక మనవరాలికి ఉన్నదంతా చెప్పాను. అదెంత పని తాతా అని ఫోనులో ఏదో నొక్కి, మామ గొంతును ఒక మెట్టు పైకి లేపి నాలుగులో వినిపించింది. ఇప్పుడు ఎవరి గొంతునైనా ఎక్కడికైనా ఎక్కించవచ్చు, దించవచ్చు, చీలిన చోట అతికించవచ్చు, ఎవరూ ఎవరి ముఖం చూడక్కర్లేదు. ఆ గొంతు మాత్రం సన్నగా, చురుగ్గా ఎవరో పరాయివాడు పాడుతున్నట్టుంది. తీసేయమ్మా అన్నాను. ఈ మధ్య సాయంత్రాలు పాత పెట్టె మూత తీసి, నాలుగో మెట్టు నొక్కి పట్టుకుని తిత్తి తొక్కుతూ కూర్చుంటున్నాను. శ్రుతి బాగానే పలుకుతుంది. అందుకునే గొంతు కోసం కాసేపు చూసి, వేలు తీసేస్తాను.